జాగ్రత్తలు మనకు, రోడ్లు వాళ్లకు

విదేశం వెళ్లే స్త్రీకి అందరూ ఉదారంగా ఇచ్చేది ఒకటుంది: జాగ్రత్తల జాబితా. చీకటి పడ్డాక బయటికి వెళ్లొద్దు. ఒంటరిగా రైలెక్కొద్దు. మ్యాపు పట్టుకుని వీధి మధ్యలో నిలబడొద్దు. ఎవరైనా పలకరిస్తే నవ్వొద్దు. ఒక సదస్సు కోసం నేను వియన్నా వెళ్లినప్పుడు ఈ జాబితాను మా అన్నయ్య, హైదరాబాదులో టికెట్లు బుక్ చేసినతను, అక్కడి హోటల్ కౌంటరులో కుర్రాడు ముగ్గురూ విడివిడిగా చదివారు. ముగ్గురి చివరి మాటా ఒకటే: "టాక్సీలో వెళ్లండి." నాతో వచ్చిన మగ సహోద్యోగి చేతిలో మాత్రం అదే కుర్రాడు ట్రాము రూట్ల మ్యాపు పెట్టాడు.

మంచి మనసుతో చెప్పే మాటలే ఇవి, కాబట్టే వీటితో పోట్లాడటం కష్టం. కానీ లెక్క చూడండి. భయపడాల్సింది మనమే, ఆ భయానికి టాక్సీ కిరాయి కట్టాల్సిందీ మనమే. కిరాయికి డబ్బు లేని స్త్రీ గది దాటకూడదు. వేధించేవాడిని ఉద్దేశించి "సాయంత్రం ఆరు దాటితే నువ్వు బయటికి రావద్దు" అని రాసిన గైడు పుస్తకం నాకైతే ఇంతవరకూ కనబడలేదు.

నేను ట్రామే ఎక్కాను. వియన్నా మెట్రోలో మన మెట్రోలాగా టికెట్ గేట్లుండవు. టికెట్టు మీద ఒకసారి ముద్ర వేసుకుని లోపలికి నడిచిపోవడమే. తనిఖీకి ఎవరైనా వస్తే చూపిస్తాం. పిల్లల బండితో, సంచులతో వచ్చిన తల్లికి ఈ గేటు లేకపోవడం ఎంత పెద్ద విషయమో, రెండు చేతులూ ఖాళీగా వేసుకుని తిరిగేవాళ్లకు తట్టదు.

ఇదంతా యూరపు సంస్కారం అని మురిసిపోయేవాళ్లు మనలోనూ ఉన్నారు. సంస్కారం కాదు, కొట్లాట. 1991లో ఈవా కైల్, యుట్టా క్లేడోర్ఫర్ అనే ఇద్దరు ప్లానర్లు "బహిరంగ స్థలం ఎవరిది?" అని అడుగుతూ ఫొటో ప్రదర్శన పెట్టారు. చిన్న పిల్ల నుంచి చక్రాల కుర్చీలో తిరిగే స్త్రీ దాకా, ఒక్కొక్కరూ రోజూ నగరంలో ఏ దారిన వెళ్తారో అందులో చూపించారు. మరుసటి ఏడాది నగరపాలక సంస్థలో స్త్రీల కోసం ఒక ప్రత్యేక కార్యాలయం వచ్చింది. 1990ల చివర ప్రయాణాల సర్వే జరిగితే మగవాళ్లు నిమిషాల్లో ఫారం నింపి ఇచ్చేశారట: పొద్దున ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి. ఆడవాళ్లు మాత్రం రాస్తూనే ఉండిపోయారు. బడి, డాక్టరు, కూరగాయలు, ముసలి తల్లి ఇల్లు, మళ్లీ బడి. అప్పటిదాకా రోడ్లు వేసినవాళ్ల కాగితాల్లో ఈ ప్రయాణాలు లేనే లేవు. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని ఒక పరిశీలనలో తేలితే, పిల్లలకు బుద్ధులు చెప్పలేదు, 1999లో రెండు పార్కులనే మార్చారు. కాలిబాటలు పెంచారు, వాలీబాల్, బాడ్మింటన్ కోర్టులు పెట్టారు. 2002 నుంచి మరియాహిల్ఫ్ అనే ప్రాంతంలో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, మెట్ల పక్కన బండి తోసుకెళ్లే వాలుదారి వేశారు, చీకటి మూలల్లో దీపాలు పెట్టారు.

అక్కడంతా బాగుందని చెప్పడం లేదు. తెల్లారకముందు ట్రాముల్లో కనిపించే శ్రామిక స్త్రీలలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. వియన్నాలో ఓటు వయసున్న వారిలో మూడో వంతుకు పైగా ఆస్ట్రియా పౌరసత్వం లేనివారే. వారికి నగర సభ ఎన్నికల్లో ఓటు లేదు. ఫుట్‌పాత్ వెడల్పు గురించి వాళ్లను అడిగేదెవరు?

మన అధికారులూ, నాయకులూ అధ్యయన యాత్రల పేరుతో ఇలాంటి నగరాలకు వెళ్లొస్తూనే ఉంటారు. తెచ్చేది ఫ్లైఓవర్ల ఫొటోలు. 2017లో హైదరాబాదుకు మెట్రో వచ్చింది. స్టేషను మెట్లు దిగాక ఇంటిదాకా ఆ ఆడమనిషి ఎక్కడ నడవాలన్నది ఎవరికీ పట్టలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. వెంటనే మొదలైంది ఎగతాళి. పనీపాటా లేక తిరుగుతున్నారట, బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారట! ఒలవనివ్వండి. ఇంటికెళ్లగానే వంట ఆమెదే కదా. మగవాడు బస్సులో నిద్రపోతే అలసిపోయాడంటారు. ఆమె చేతులు ఆడిస్తే వేళాకోళమా?

వియన్నా సర్వేలాంటిది మన సంఘాలే ఒక బస్తీలో, ఒక మండల కేంద్రంలో చేయవచ్చు. ఒక కాగితం, రెండు ప్రశ్నలు చాలు: నిన్న ఎక్కడెక్కడికి వెళ్లావు, ఎక్కడికి వెళ్లాలనుకుని మానేశావు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులను మునిసిపల్ బడ్జెట్ సమావేశానికి ముందే కమిషనర్ బల్ల మీద పెట్టాలి. ఆర్టీసీ డిపో మేనేజరుకూ ఒక కాపీ ఇవ్వాలి, రాత్రి ఆఖరి బస్సు ఎన్ని గంటలకో తేల్చేది అక్కడే.