వినపడని పాటకు ఇంత ఖర్చా?

మా అత్తగారి చెవి మిషను కోసమని దాచిన డబ్బుతో మావారు మొన్న కొత్త ఆడియో సెట్టు మోసుకొచ్చారు. ఖరీదెంతండీ అంటే, ముందు మంచినీళ్లు ఇమ్మన్నారు. "ఇది సెకనుకి 40,000 కంపనాల దాకా పలుకుతుంది తెలుసా!" అని ఒకటే మురిపెం.

పలికితే పలకనివ్వండి, వినేదెవరూ? మనిషి చెవికి సుమారు 20,000 దాటితే వినపడదు. అదీ చిన్నపిల్లలకి. నడివయసొచ్చేసరికి 14, 15 వేలు అందితే గొప్పే. ఆ పైన కుక్కలకీ, గబ్బిలాలకీ! పియానోలో అన్నిటికన్నా పై మెట్టే 4,200 దాటదు. 1982లో వచ్చిన మామూలు సీడీయే 22,000 దాకా పట్టుకుంటుంది.

"చెవికి తెలియకపోయినా మెదడుకి తెలుస్తుందోయ్" అన్నారు. 2000లో జపానులో ఓహాషి బృందం, బాలి ద్వీపపు గామెలాన్ వాద్యాలు వినిపించి అలాంటి మాటే చెప్పింది. కాదనను. కానీ 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు తమ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. గొప్ప రికార్డింగు ఏదో, దాన్నే సీడీ స్థాయికి దించింది ఏదో పోల్చమంటే, 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే గదా! 2016లో ఇలాంటివే 18 పరీక్షలు కలిపి లెక్కేస్తే నూటికి 52 చిల్లర వచ్చింది. ఆ రెండు మార్కుల కోసమా అత్తగారి డబ్బు?

వయసుతో ముందు పోయేవి ఆ పై కంపనాలే. స, ష, చ లాంటి అక్షరాలు వాటి మీదే ఆధారపడతాయి. "చారు పొయ్యనా అత్తయ్యా?" అంటే "అప్పుడే ఆరయిందా?" అంటారావిడ. మేమంతా నవ్వేవాళ్లం, ఆవిడా నవ్వేవారు. ఈమధ్య నవ్వటం మానేశారు. మాట్లాడటమూ తగ్గించేశారు. నలుగురిలో కూర్చోమంటే నిద్రొస్తోందని లేచి వెళ్లిపోతారు. ఇదేమీ పట్టని మనిషికి, ఎవరికీ వినపడని ధ్వని మీద మాత్రం ఎంత శ్రద్ధో!

తప్పు మావారొక్కరిదే అనను. అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని మనమూ అనుకుంటాం. షాపువాడు చెప్పిన అంకెకల్లా తల ఊపేముందు, "అది నా చెవికి అందుతుందా బాబూ?" అని ఒక్కమాట అడిగితే మన సొమ్మేం పోయింది?

అమ్మిన సరుకు తిరిగి తీసుకోరుట. సరే, అత్తయ్య చెవికి మిషను వచ్చేదాకా ఆ సెట్టు ప్లగ్గు పెట్టటానికి వీల్లేదన్నాను. 40,000 కంపనాల్లో కాదు, నా మామూలు గొంతుతోనే.

బాగానే వినపడింది!