కొల్లాజెన్ డబ్బా చర్చి గుమ్మం దాకా

ఈ మధ్య సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఉదయం వాక్యంతో పాటు ఒక డబ్బా ఫొటో కూడా తిరుగుతోంది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా పొడి కలుపుకుని తాగితే నిద్ర పడుతుందట, మోకాళ్ల నొప్పి తగ్గుతుందట, చర్మం మెరుస్తుందట, జుట్టు రాలదట. పొడి పేరు కొల్లాజెన్. అంత ఖర్చు పెట్టలేనివారికి జెలటిన్. అబిడ్స్, నాంపల్లి మందుల షాపుల్లో ఈ డబ్బాలు అద్దాల అలమరలో ముందు వరుసకు వచ్చేశాయి. షాపుతో పని లేకుండా, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే చేతిసంచిలోంచి తీసి, "అక్కా, నేను వాడుతున్నాను, మీరూ వాడి చూడండి" అనేవారూ తయారయ్యారు. నెలకు సరిపడే డబ్బా వెయ్యి రూపాయలు దాటుతోంది. కొన్ని రెండు మూడు వేలు.

ఇందులో తప్పేముంది అని అడిగేవారు ఉంటారు. పొడి విషం కాదు, ఆ మాట ముందే చెప్పేద్దాం. మా అభ్యంతరం వేరే చోట ఉంది. అక్కడికి వెళ్లే ముందు అసలు ఈ పొడి ఏమిటో చూడాలి.

నాంపల్లి చుట్టుపక్కల హోటళ్లలో తెల్లవారుజామున నహారీతో పాటు దొరికే పాయా తెలియనివారు ఉండరు. అది చల్లారితే గిన్నెలో జున్నులా గడ్డకడుతుంది. గడ్డకట్టించేది జెలటినే. పశువుల తోలు, ఎముకలు, చేపల పొలుసులలో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తును ఉడికిస్తే జెలటిన్ వస్తుంది. దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టి, చల్లటి నీళ్లలోనూ కరిగేలా చేస్తే డబ్బాలోని పొడి. ఎముక విరిగినవారికి మేక కాళ్ల సూప్ కాచి ఇవ్వడం మన ఇళ్లలో పాత అలవాటే కాబట్టి, ఈ పొడి చెప్పే మాట మనకు సులువుగా నమ్మబుద్ధి అవుతుంది. ఇక్కడే ఇంకో సంగతి. మొక్కల్లో కొల్లాజెన్ ఉండదు. ఆకుపచ్చ గుర్తుతో 'వెజ్ కొల్లాజెన్' అని అమ్మే డబ్బాల్లో ఉండేవి విటమిన్ సి లాంటివే తప్ప కొల్లాజెన్ కాదు.

నిద్ర సంగతి పూర్తిగా కట్టుకథ కాదు. కొల్లాజెన్‌లో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, బరువులో దాదాపు ఐదో వంతు. పడుకునే ముందు 3 గ్రాముల గ్లైసిన్ తీసుకుంటే నిద్ర కాస్త మెరుగైనట్టు జపాన్‌లో కొన్ని పరిశోధనలు వచ్చాయి. ఒక్కోదానిలో పాల్గొన్నవారు ముప్పై మంది కూడా లేరు. పరిశోధకుల్లో గ్లైసిన్ తయారుచేసే అజినొమోటో సంస్థవారు ఉన్నారు. తర్వాత బ్రిటన్‌లో, నిద్ర సరిగా పట్టడం లేదన్న 13 మంది మగవాళ్లకు వారం రోజులు రోజూ 15 గ్రాముల కొల్లాజెన్ ఇచ్చి చూశారు. రాత్రి మధ్యలో మెలకువలు తగ్గాయి. నిద్రపోయిన మొత్తం సమయం మాత్రం పెరగలేదు. వాళ్లందరూ రోజూ వ్యాయామం చేసేవాళ్లు. యాభై దాటి, షుగర్‌తో రాత్రికి నాలుగుసార్లు లేచే మన స్త్రీల సమాజం అమ్మగారి లాంటివారు అందులో ఒక్కరూ లేరు. పైగా మనవాళ్లు వేసుకునే చిన్న చెంచాలో పట్టేది ఐదు గ్రాములు, అంటే గ్లైసిన్ ఒక గ్రాము చుట్టూ.

చర్మం విషయంలో అయితే 2025లో 23 పరిశోధనలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష వచ్చింది. కంపెనీల డబ్బుతో చేసినవాటిలో లాభం కనిపించింది, కంపెనీల డబ్బు లేనివాటిలో కనిపించలేదు. మోకాళ్ల కీళ్ల గురించిన వాదనను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లోనే రుజువు లేదని తోసిపుచ్చింది.

ఎముకల నుంచి తీసిన దానితో మనుషుల ఆరోగ్యం బాగుచేయవచ్చన్న ఆశ కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్ ఆసుపత్రుల్లో బీద రోగులకు మాంసం బదులు ఎముకల జెలటిన్ సూప్ పోశారు. డార్సే అనే రసాయన శాస్త్రవేత్త దానికి గట్టి మద్దతుదారు. చౌకగా పోషణ దొరికిందని దాతలు సంతోషించారు. రోగులు మాత్రం సంతోషించలేదు. చివరికి మాజెండీ నాయకత్వంలో ఒక సంఘం ఏళ్ల తరబడి పరీక్షలు చేసి 1841లో నివేదిక ఇచ్చింది. జెలటిన్ ఒక్కటే పెట్టిన కుక్కలు చిక్కి చచ్చిపోయాయి. కారణం అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు: శరీరానికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ జెలటిన్‌లో అసలు ఉండదు. మరి నిద్రను నడిపే మెలటోనిన్‌ను మన శరీరం తయారుచేసుకునేది ఆ ట్రిప్టోఫాన్ నుంచే. నిద్ర కోసం కొనే పొడిలో లేనిది సరిగ్గా అదే! డబ్బా మీద 'ప్రొటీన్ ఇన్ని గ్రాములు' అని రాసింది అబద్ధం కాదు, కానీ అది ఒక్క గుడ్డుకు సాటిరాని ప్రొటీన్. గుడ్డు ఏడెనిమిది రూపాయలు. వెయ్యి రూపాయల డబ్బాకు నూరుకు పైగా గుడ్లు వస్తాయి.

ఈ లెక్క హైదరాబాదుకు తెలియనిది కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆ పాఠాన్ని ప్రపంచానికే నేర్పింది. పేద పిల్లలకు కావలసింది ప్రత్యేక ప్రొటీన్ పొడులే అని దేశదేశాల నిపుణులు నమ్ముతున్న రోజుల్లో, డాక్టర్ సి. గోపాలన్ బృందం ఇక్కడి పల్లెల పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన మామూలు తిండి రోజూ అదనంగా పెట్టింది. అందులో ప్రొటీన్ 3 గ్రాములే. పిల్లలు చక్కగా ఎదిగారు. 1973లో అచ్చయిన ఆ పరిశోధన, లోటు ప్రొటీన్‌ది కాదు, కడుపు నిండా తిండిది అని చూపించింది. అదే సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దనే అన్నాయి.

డబ్బా మీద పేరుకూ లోపలి సరుకుకూ ఉన్న దూరం గురించి కూడా మన నగరమే ఈ మధ్య ఒక పోరాటం చూసింది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి చక్కెర పానీయాలు అమ్మడంపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. కొల్లాజెన్ డబ్బాల మీద కూడా చిన్న అక్షరాల్లో ఒక మాట ఉండాలి, చట్టం అడుగుతుంది: ఇది మందుగా వాడడానికి కాదు అని. వాట్సాప్‌లో పంపే ఫొటోలో ఆ వైపు ఎప్పుడూ కనిపించదు.

ఇక మా అసలు అభ్యంతరం. సంఘంలో ఒక సహోదరి "నిద్ర పట్టడం లేదమ్మా" అన్నప్పుడు, ఆ మాటకు జవాబుగా డబ్బా చేతిలో పెడితే, ఎందుకు పట్టడం లేదు అని అడిగే పని ఆగిపోతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే భర్తకు అది గుండెకు ముప్పు తెచ్చే జబ్బు కావచ్చు. రాత్రిళ్లు కాళ్లు లాగే ఆడవారిలో ఇనుము లోపం ఉండవచ్చు. థైరాయిడ్ కావచ్చు, అదుపు తప్పిన షుగర్ కావచ్చు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు ఇరుకు గదిలో పడుకునే కుర్రవాడికి లేనిది గ్లైసిన్ కాదు, చీకటి, నిశ్శబ్దం. వడ్డీవాడు తెల్లారి వస్తాడని మేలుకునే ఇల్లు కూడా మన సంఘాల్లో ఉంది. ఆ ఇంటివారు డబ్బా కొంటే అప్పు ఇంకో వెయ్యి పెరుగుతుంది.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా మృగశిర కార్తెకు చేప మందు కోసం ఆస్తమా రోగులు బారులు తీరుతారు. దాన్ని చూసి నవ్వే మనవాళ్లు, ప్రార్థించి ఇచ్చామంటూ అమ్మే నూనె సీసాల సంగతి కూడా ఒకసారి తలచుకుంటే మంచిది. అక్కడా ఇక్కడా వరుసలో నిలబడేది బాధ భరించలేని మనిషే. ఆ మనిషి పక్కవారిని నమ్ముతాడు. సంఘంలో ఆ నమ్మకం ఇంకా ఎక్కువ. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకున్నవారు "వాడండి" అంటే కాదనడం కష్టం. గొలుసు వ్యాపారం చేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. 2021 డిసెంబరులో వచ్చిన నేరుగా అమ్మకాల నియమాల ప్రకారం, గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఇంటికి వచ్చి అమ్మకూడదు. మనుషులను చేర్చుకుంటూ పోయే పిరమిడ్ పథకాలు నిషిద్ధం. ఇంటి గుమ్మానికే ఇంత కట్టడి ఉంటే చర్చి గుమ్మానికి ఏమీ లేకపోవడం ఏమిటి? పాస్టరేట్ కమిటీలు ఒక తీర్మానం రాసుకోవడానికి పది నిమిషాలు చాలు: ఆవరణలోనూ సంఘం వాట్సాప్ గ్రూపులోనూ ఆరోగ్య సరుకులు అమ్మకూడదు, అమ్మేది ఎవరైనా సరే. ఈ నియమం పాస్టరమ్మగారికీ వర్తించాలి అనడానికి మేము మొహమాటపడడం లేదు.

సంఘాలు పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూస్తారు, కళ్లు చూస్తారు. నిద్ర గురించి నాలుగు ప్రశ్నలు అడిగేవారు అరుదు. మన సంఘాల్లో ఎందరో నర్సులు ఉన్నారు, వారు అడగగలరు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇవ్వవలసింది నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే కౌన్సెలింగ్ అని అమెరికా వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. బస్తీ దవాఖానాలో డాక్టరు చూడడానికి రుసుము లేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా థైరాయిడ్, హెమోగ్లోబిన్ పరీక్షలు కూడా ఉచితమే.

ఇప్పటికే డబ్బా కొన్నవారు పారేయనక్కర్లేదు. కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు, చేపల అలర్జీ ఉన్నవారు మాత్రం ఈ రోజే ఆపండి. మిగిలినవారు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ డబ్బాను కూడా తీసుకెళ్లి చూపించండి.