డమ్మీకీ వంటింటికీ ఏమిటి సంబంధం?

బ్రిడ్జి మేధావుల ఆట అంటారు మగవాళ్లు. సరే, ఒప్పుకున్నాం. మామూలు చతుర్ముఖ పారాయణం కన్నా ఓ మెట్టు పైనేనని కూడా ఒప్పుకున్నాం. నా తగాదా అంతా ఆ ‘డమ్మీ’ దగ్గరే.

ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. మనిషికి 13 ముక్కలు. తలో ముక్క వేస్తే పెద్ద ముక్కది పట్టు. ఎన్ని పట్లు పడతామో, ఏ రంగు తురుపో ముందు పాట పాడి తేల్చుకుంటారు. పాట నెగ్గిన జట్టులో ఆ రంగు ముందుగా పలికినవారు ఆడతారు. వారి జోడీ తన ముక్కలన్నీ బల్లమీద పరిచేసి డమ్మీ అయిపోవాలి. ఆ ముక్కలూ ఆ ఆడేవారివే ఇక!

మొగుడూ పెళ్లాలు జోడీ కట్టిన ఇళ్లలో తర్వాత జరిగేది మీకు తెలిసిందే. “ఎలాగూ ఖాళీయేగా, నాలుగు కాఫీలు పట్రా!” అదే భర్తగారు డమ్మీ అయితే కాళ్లు బార్లా చాపి పేపరు తిరగేస్తారు. ఆయన్ని పకోడీలు వేయమన్నవాళ్లని నేనింతవరకు చూడలేదు.

నియమాల్లో ఇది ఎక్కడుందండీ? డమ్మీ సలహా ఇవ్వకూడదు, నిజమే. కానీ ఆటీను నడుస్తుండగా జతగాడు వేరే రంగు వేస్తే, “ఆటీను లేదా?” అని అడిగే హక్కుంది. పొయ్యి దగ్గర నిలబడి ఆ హక్కు ఎలా వాడుకోవడం?

ఆడవాళ్ల బుర్రకి బ్రిడ్జి ఎక్కదనడం మరీ విడ్డూరం. రిక్సీ మార్కస్ 1974లో మొట్టమొదటి మహిళా వరల్డ్ గ్రాండ్ మాస్టర్ అయింది. అంతకు చాలా ముందు, 1925లో, వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుడు ఓడ ప్రయాణంలో కాంట్రాక్టు బ్రిడ్జి లెక్కలు కట్టాడు. ఒక గేమ్ గెలిచినవాళ్లు తర్వాత తప్పితే జరిమానా ఎక్కువ. ఆ స్థితికి ‘వల్నరబుల్’ అనే మాట అందించింది అదే ఓడలోని ఓ యువతి. మాట ప్రపంచమంతా నిలిచింది. ఆవిడ పేరు మాత్రం వాళ్లెవరికీ గుర్తులేదుట!

డమ్మీ లేకపోతే ఆటే లేదంటారా? బ్రిడ్జికి తల్లిలాంటి విస్టులో నలుగురూ చివరిదాకా ఆడేవారు. అంతదూరమెందుకు, కేరళవాళ్ల ‘ఇరవై ఎనిమిది’ చూడండి. 32 ముక్కలు, పాట ఉంది, తురుపు ఉంది, పైగా ఆ తురుపుని బోర్లాపెట్టి దాస్తారు. డమ్మీ లేదు. జాకీకి 3, తొమ్మిదికి 2, ఆసుకీ పదికీ ఒక్కొక్కటి. రాజుకీ రాణికీ చెరో సున్నా. చూశారా, ఎంత సమన్యాయమో!

ఇకమీదట మా ఇంట్లో పేక తీస్తే ఇరవై ఎనిమిదే. కాదు, బ్రిడ్జే కావాలంటారా, ఆట మొదలవకముందే కాఫీ ఫ్లాస్కులో పోసి బల్లమీద పెట్టాలి. కలిపే వంతు వారానికొకరిది. మొదటి వంతు మావారిది.