మూడు కేజీల నుంచి మూడొందల గ్రాములకి

1990ల్లో హైదరాబాదులో కలాం గారి బృందం, నిమ్స్ డాక్టర్లు కలిసి క్షిపణుల కోసం చేసిన తేలికపాటి కాంపోజిట్‌తో పోలియో పిల్లలకి క్యాలిపర్లు తయారుచేశారు. 3 కేజీల బరువు 300 గ్రాములకి దిగింది. పక్షవాతంతో పాదం వాలిపోయిన వాళ్ళకీ ఇప్పుడు తేలికైన ప్లాస్టిక్ స్ప్లింట్లున్నాయి. కానీ స్ప్లింటు ఒక్కటే నడిపించదు కదా! నెలల తరబడి రోజూ అదే వ్యాయామం మళ్ళీ మళ్ళీ చేస్తేనే మెదడు నడక తిరిగి నేర్చుకుంటుంది. డిశ్చార్జయి బాన్సువాడ చేరాక "ఇవాళ చేశారా?" అని అడిగే నాథుడెవడు? మన ఆఫీసుల్లో మాత్రం బటన్ రంగు మార్చే టికెట్టు రెండ్రోజులు కదలకపోతే మేనేజరు దాకా మెయిళ్ళు! అదే కోడుతో పేషెంటు ఇంటికి ఫోన్ మోగించొచ్చు, మూడ్రోజులు జవాబు లేకపోతే ఫిజియోథెరపిస్టుకి చెప్పొచ్చు. కొత్త పదార్థమేదీ కనిపెట్టక్కర్లేదు. మెసేజి కాదండోయ్, తెలుగులో కాలే చెయ్యాలి. ఇంట్లో ఉండేది ముసలాళ్ళిద్దరే అయితే మెసేజి ఎవరు చూస్తారు?