లేకుంటే లేదనే రాసివ్వండి

గౌరవనీయులైన తహసీల్దారు గారికి,

మా నాయన పోయిన తర్వాత, ఆయన పేరున ఉన్న పొలం కాగితాలు చూపించమని నేనిచ్చిన అర్జీ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అది ఏ బీరువాలో ఉందో, ఎవరి సంతకం కోసం ఆగిందో నాకన్నా మీకే బాగా తెలుసు. నేను కాపురముండేది ఖాజీపేటలోనైనా పొలం మీ మండలంలో ఉంది కనుక మీ గడప తొక్కక తప్పదు. మీ గదిలో నోటిమాటగా ఇచ్చిన హామీలకు సాక్షులు లేరు. ఈ లేఖకైనా ఉంటారని నలుగురూ వినేటట్టు రాస్తున్నాను.

మేమడిగింది పాత అడంగల్ నకళ్లు, పాస్‌బుక్కు ఇచ్చినప్పటి ఫైలు, పొలం కొలతల పటం. వారసుల పేర్లు ఎక్కించాలంటే పాత రికార్డు తెమ్మంటారు మీ సిబ్బంది. ఆ రికార్డు మీ దగ్గరే ఉంది కదా, ఇవ్వండయ్యా అంటే, మీ పేరు ఎక్కినాక రండి అంటారు. సోమవారం గ్రీవెన్సులో మొరపెట్టుకుంటే, మీ సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజీ వచ్చింది. ఏం పరిష్కారమైందో అందులో లేదు.

గడువుల మాటకొస్తే, చావు జరిగిన ఇంటికీ చట్టం గడువులు పెట్టింది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 నాటి చట్టం, వారసత్వంగా భూమి వస్తే 90 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలని 1971 నాటి పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం మమ్మల్ని ఆదేశించాయి, మేము పాటించాము. ఆ 1971 చట్టమే, మేము తెలిపింది అందినట్టు రాసివ్వాలని మిమ్మల్నీ ఆదేశించింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 30 రోజుల్లో జవాబివ్వమంది. కాదంటే ఎందుకు కాదో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాయమంది. నిరాకరణ సబబేనని రుజువు చేసే భారాన్ని అధికారి మీదే పెట్టింది. మా గడువులు దాటితే చిక్కులు మాకే. మీ గడువులు దాటినా చిక్కులు మాకేనా?

చనిపోయిన మనిషి వ్యక్తిగత వివరాలు బయటపెట్టలేమని ఒకసారి సెలవిచ్చారు. తండ్రి పొలం కొలతలను కన్నబిడ్డల దగ్గర దాచి, ఎవరి గుట్టు కాపాడుతున్నట్టు? మరణాల రిజిస్టరు నకలు ఎవరడిగినా ఇవ్వవచ్చు గానీ, అందులో చావుకు కారణం మాత్రం ఉండరాదని 1969 చట్టమే విడమరిచి చెప్పింది. ఏది గుట్టో ఏది కాదో అంత స్పష్టంగా గీత గీసిన చట్టం ఉండగా, మొత్తం బీరువాకే తాళం వేయడం గోప్యత అనిపించుకోదు.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రెవెన్యూ ఫైళ్లు తగలబడినప్పుడు రాష్ట్ర పోలీసు అధిపతే అక్కడికి వెళ్లారు. కాగితం విలువ ప్రభుత్వానికి తెలియక కాదు. కాలిపోయిన ఫైలు మీద విచారణైనా జరుగుతుంది. భద్రంగా ఉండీ చూపించని ఫైలు గురించి అడిగే నాథుడే లేడు.

అందుకే మూడు విన్నపాలు. అర్జీ అందినట్టు తేదీతో సహా రశీదు ఇవ్వండి. ఉన్న రికార్డుకు రుసుము కట్టించుకుని నకళ్లివ్వండి. లేనిదానికి, వెతికినా దొరకలేదని సంతకం పెట్టి రాసివ్వండి. నోటితో చెప్పే "లేదు" పట్టుకుని మేము పై అధికారి దగ్గరికి పోలేము. కాగితం మీది "లేదు" చేతిలో ఉంటే పోగలము. మీ కార్యాలయం సంతకానికి వెనకాడేది అందుకేనన్న అనుమానం నాకొక్కడికే కాదు, మీ వరండాలో కూర్చునే ప్రతి మనిషికీ ఉంది. దాన్ని తీర్చగలిగింది మీరే.

ఈ లేఖ ప్రతిని అప్పీలు అధికారి గారికి కూడా పంపుతున్నాను.

ఇట్లు,
మీ కార్యాలయంలో అర్జీ ఉన్న ఒక రైతు కొడుకు,
ఖాజీపేట