మౌనం అంటే క్షేమం కాదు!

సర్వర్ డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో ఊరికే లాగ్‌లోకి రాదు. ఎవరో ఒకరు అడగాలి. స్ప్లంక్‌లో ఆ పని స్క్రిప్టుకి అప్పజెప్పొచ్చు. ఎన్ని సెకన్లకోసారి నడవాలో సెట్టింగ్స్‌లో రాస్తే సరి. రాయకపోతే 60 సెకన్లకోసారి నడుస్తుంది. అది ప్రింట్ చేసిందంతా స్ప్లంక్ భద్రం చేస్తుంది.

మెలిక ఇక్కడే ఉంది. స్క్రిప్టు ఇచ్చే ఎర్రర్లు ఆ డేటాలో కనిపించవు, స్ప్లంక్ సొంత లాగ్‌లోకి పోతాయి. పైగా, ఒకసారి మొదలైన స్క్రిప్టు మధ్యలో ఇరుక్కుపోతే, అది ముగిసేదాకా మళ్లీ నడవదు. మనమేమో ‘అలర్ట్ రాలేదుగా, అంతా బాగానే ఉంది’ అనుకుంటాం. ఈలోగా డిస్క్ నిండి సర్వర్ చతికిలపడొచ్చు!

అందుకే డిస్క్ నిండితేనే కాదు, పది నిమిషాలుగా డేటా రాకపోయినా మోగేలా ఇంకో అలర్ట్ పెట్టుకోండి.