తర్రెం నుంచి కృత్రిమ కాలు ఎంత దూరం?

తర్రెం పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2021 ఏప్రిల్ 3న టేకులగూడెం, జొన్నగూడెం దగ్గర మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు చనిపోయినప్పుడు మన పత్రికల మొదటి పేజీల నిండా అదే పేరు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుంచి జగర్‌గుండ వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరి వైపు నుంచి మనకు అందేది ఎదురుకాల్పుల లెక్కే. ఎందరు పోయారో తెలుస్తుంది. కాలు పోగొట్టుకుని బతికినవాళ్లు ఇప్పుడెలా నడుస్తున్నారో ఎవరూ అడగరు.

ఈ అడవుల్లో ప్రెషర్ మందుపాతరలు జవాన్ల కోసం పెట్టినవే అయినా, తునికాకు కోసేవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, పశువుల వెంట వెళ్లేవాళ్లు కూడా వాటి మీద కాలేస్తున్నారు. పేలాక దారులు వేరవుతాయి. గాయపడిన జవాన్‌ను హెలికాప్టర్‌లో రాయ్‌పూర్ తరలిస్తారు. అవయవాలు పోయిన తన సిబ్బంది కోసం సీఆర్‌పీఎఫ్ 2020లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా దివ్యాంగ సాధికారత కేంద్రం పెట్టింది. అక్కడ ఆటల్లో, కంప్యూటర్ పనిలో శిక్షణ ఇస్తారు. అభినందించాల్సిన పనే. పల్లె మనిషికి మాత్రం మంచమే స్ట్రెచర్. రాయ్‌పూర్ 400 కిలోమీటర్ల పైమాట. అందుకే సరిహద్దు పల్లెల జనం తెలంగాణలోని చర్లకు, అక్కడినుంచి భద్రాచలం ప్రభుత్వాసుపత్రికి వస్తుంటారు. బాసగూడ పక్కన పారే తాలిపేరు కూడా చర్ల వైపే వస్తుంది. రాష్ట్రాల హద్దు నదికి అడ్డం కాలేదు గానీ, మనిషి కాగితాలకు అయింది.

చట్టంలో మాటలకు కొదవ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ సాయుధ ఘర్షణల వేళ వికలాంగులకు సమాన రక్షణ ఉండాలంటుంది. 45వ సెక్షన్ ప్రజలు వాడే భవనాలన్నీ అయిదేళ్లలో వికలాంగులు వాడుకునేలా మారాలంది. నియమాలు 2017లో వచ్చాయి, ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2005లో వేసిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పిస్తూ, సౌలభ్య ప్రమాణాలను ఐచ్ఛికంగా వదిలేసిన 15(1)వ నియమాన్ని కొట్టేసింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయానిది. అయితే ఆ చర్చంతా ర్యాంపులు, లిఫ్టులు, వెబ్‌సైట్ల చుట్టూ తిరుగుతుంది. ఇసుక దారులు, వాగులు దాటాల్సిన చోట చక్రాల కుర్చీ ఇచ్చి ఫొటో తీసుకోవడం సులువు, దాన్ని మర్నాడు తోసేదెవరు?

అక్కడ కావలసింది కాలు. 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన కృత్రిమ పాదం ఇలాంటి నేలకు పనికొచ్చేదే. దానితో గొంతుకూర్చోవచ్చు, చెప్పు లేకుండా నడవచ్చు, బురద పొలంలో దిగవచ్చు. చిక్కల్లా అది ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే వస్తువు కాకపోవడం. కోసిన కాలు మొదటి నెలల్లో సన్నబడుతుంది, తొడుగు వదులై రాసుకుని పుండు పడుతుంది. పిల్లలైతే ఎదుగుతూ ఉంటారు, కాలు మార్చాల్సి ఉంటుంది. ఏడాదికోసారి జరిగే శిబిరం దీనికి సరిపోదు. తొడుగు సరిచేసే నిపుణుడు బాసగూడ సంతరోజు అందుబాటులో ఉంటే ఆ కాలు వాడకంలో ఉంటుంది, లేకుంటే చూరుకు వేలాడుతుంది.

ఇక పింఛను. ఛత్తీస్‌గఢ్ 2023 బడ్జెట్‌లో సామాజిక పింఛన్లను నెలకు 350 నుంచి 500 రూపాయలకు పెంచింది. అదే ఏడాది తెలంగాణ వికలాంగులకు 3,016ను 4,016 చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. ఒకే అడవి, ఒకే కోయ మాట, కాలు పోతే వచ్చే సొమ్ములో పన్నెండు రెట్ల తేడా. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి గోదావరి వైపు వచ్చిన గొత్తికోయల్లో చాలామందికి ఈ పింఛనూ అందదు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లను గిరిజనులుగా గుర్తించదు, చాలామందికి నివాస పత్రం పుట్టదు, అది లేనిదే వైకల్య నిర్ధారణ శిబిరం గుమ్మం దాటలేరు.

ఈ కాగితాల ముడి విప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2017 నియమాల్లో 17వది, వికలాంగ ధ్రువపత్రం కోసం సొంత జిల్లాలోనే కాదు, ఆ వైకల్యానికి చికిత్స పొందిన ప్రభుత్వాసుపత్రిలోనూ దరఖాస్తు చేసుకోవచ్చంది. అంటే తర్రెం మనిషికి భద్రాచలంలో కాలు తీసేస్తే, ఇంటికి పంపేముందే అక్కడ కాగితం మొదలుపెట్టవచ్చు. గుర్తింపు కార్డు దేశమంతటికీ ఒకటే. ఆసుపత్రిలో ఈ ఒక్క పనికి కోయభాష వచ్చిన ఒక మనిషిని కూర్చోబెట్టడం భద్రాచలం ఐటీడీఏకు పెద్ద ఖర్చేమీ కాదు.

  

మావోయిజం అంతానికి కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. పాతిన మందుపాతరలకు ఆ తేదీ వర్తించదు. పోరు ఆగిన దశాబ్దాల తర్వాత కూడా కంబోడియా రైతుల కాళ్లు పోతూనే ఉన్నాయి. 1997 ఒట్టావా ఒప్పందంలో మందుపాతర బాధితుల పునరావాసానికి సాయపడాలన్న నిబంధన ఉంది, మన దేశం దానిపై సంతకం చేయలేదు. చేసినా మావోయిస్టులు పాతడం మానేవారు కాదు, నిజమే. కానీ బాధితుల పట్ల బాధ్యత రాతలో ఉండేది.

ఇప్పుడున్నది పరిహారం. మందుపాతర పేలుళ్లలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు, శాశ్వత వైకల్యం పొందినవారికి కేంద్ర పథకం కింద 5 లక్షల రూపాయలు ఇస్తారు. అదీ ఒక్కసారే, పైగా పోలీసు రికార్డు ఉండాలి. గాయం చూపిస్తే నువ్వెక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని అడుగుతారని భయపడి స్టేషన్ మెట్లెక్కని వాళ్లుంటారు. ఎక్కినవాళ్ల వివరాలు మాత్రం స్టేషన్‌లో తేదీలతో సహా ఉంటాయి. 2011 జనగణన వైకల్యం ఏమిటో అడిగింది గానీ, దేనివల్ల వచ్చిందో అడగలేదు. కాబట్టి బీజాపూర్ సంక్షేమ శాఖ కృత్రిమ కాళ్ల జాబితా రాయాలనుకుంటే మొదటి పేజీ ఆ ఎఫ్ఐఆర్‌ల నుంచే తీసుకోవచ్చు.